హాల్లో వేలాడే వీధి

ఒమన్‌లో, మబేలా అనే చోట నేను పనిచేసే ఇంటి హాల్లో ఒక వీధి ఉంది. గోడకు వేలాడుతూ ఉంటుంది. నా చేతులు రెండూ బారజాపినంత వెడల్పు. చుట్టూ బంగారు పూత పూసిన చెక్క ఫ్రేమ్, ముందు అద్దం. ఆ ఫ్రేమ్ నిండా చెక్కిన ఆకులూ తీగలే. పుల్లకు గుడ్డ చుట్టి ఒక్కో ఆకు సందూ తుడవాలి. ఈ దేశంలో దుమ్ముకు సెలవు లేదు, కాబట్టి నాకూ లేదు. బొమ్మ గీసినవాడి మీద నాకు కోపమేమీ లేదు. ఆ ఫ్రేమ్ చేసినవాడు కనిపిస్తే మాత్రం నాలుగు మాటలు అడగాలని ఉంది.

అది పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో అచ్చయిన బొమ్మ. నున్నటి రాతి పలక మీద గీసి, దాని మీంచి కాగితం మీదికి అచ్చు తీస్తారని ఇంటి యజమాని నాకు ఒకసారి ఓపిగ్గా చెప్పాడు. నా మీద గౌరవంతో చెప్పాడనుకోకండి. తడిగుడ్డ పెట్టి ఎక్కడ పాడుచేస్తానోనన్న భయంతో చెప్పాడు. ఏదో పని మీద ప్యారిస్ వెళ్ళినప్పుడు కొని తెచ్చాడట. బొమ్మ కింద ఒక వరుస ఫ్రెంచి అక్షరాలున్నాయి. అవి చదవగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అందువల్ల ఆ వీధి పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు.

బొమ్మలో అప్పుడే వాన వెలిసింది. రాళ్ళు పరిచిన రోడ్డు తడిగా మెరుస్తోంది. గుర్రబ్బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని నిలిచిపోయాయి. ఒక పెద్ద బండికి లోపల చోటు చాలక జనం పైకప్పు మీద కూర్చున్నారు. పొడుగు టోపీలవాళ్ళు, గొడుగులవాళ్ళు, బుట్టలో పూలు పెట్టుకుని అమ్ముతున్న ఒకామె, నిచ్చెనెక్కి గోడకు కాగితం అంటిస్తున్న ఒకడు, కావడి మీద రెండు బాల్చీల నీళ్ళు మోస్తున్న ఇంకొకడు, ఎవరూ పట్టించుకోని ఒక కుక్క. నడిమధ్యన ఒక దొరసాని మురికినీళ్ళు దాటడానికి పరికిణీ పైకెత్తి పట్టుకుంది. నలుపు తెలుపుల బొమ్మకు ఎవరో తర్వాత రంగులు అద్దారు. ఆ రంగులు ఇప్పుడు ఉతికి ఉతికి పాతబడ్డ చీరలా వెలిసిపోయాయి.

ఆ బొమ్మకు ఎదురుగా ఇంటి పెద్దావిడ కూర్చుంటుంది. యజమాని తల్లి. మోకాళ్ళు పూర్తిగా పోయాయి, చక్రాల కుర్చీ లేనిదే కదలలేదు. బుర్ర మాత్రం మహా చురుకు. ఆస్పత్రికి తప్ప గడప దాటదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ తలుపులు మూసుకుని పడుకుంటారు. ఆవిడకు నిద్ర పట్టదు, నాకు నిద్రపోయే వీలుండదు. ఆవిడ పక్కనే బల్ల వేసుకుని మగవాళ్ళ దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తూ ఉంటాను. మెడ నుంచి మడమ దాకా ఒకే పొడుగు తెల్ల అంగీ అది. ఒక్క ముడత ఉన్నా లోకమంతా చూస్తుంది. ఆ ఇంట్లో మగవాళ్ళు ఎంతమందో నన్నడక్కండి, నా కుడి భుజాన్ని అడగండి.

నా అరబ్బీ వంటింట్లో నేర్చుకున్నది. ఆవిడ హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నది. ఈ రెండింటినీ కలిపి మేమిద్దరం ఆ వీధి గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఆవిడ చిన్నతనం జంజిబార్‌లో గడిచింది. ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న దీవి అది. ఒకప్పుడు ఒమన్ కుటుంబాలు చాలా అక్కడే ఉండేవి. అందుకని ఆవిడ దృష్టిలో బొమ్మలో ఉన్నది జంజిబార్. నాకు మాత్రం అది ముమ్మాటికీ రాయచోటి బజారు. బుట్ట పెట్టుకున్న ఆమె లవంగాలు అమ్ముతోందని ఆవిడ అంటుంది, కనకాంబరాలని నేనంటాను. నిచ్చెన మీదివాడు అంటిస్తున్నది సినిమా పోస్టరని నేను, కాదు సర్కారు నోటీసని ఆవిడ. జనాన్ని పైకప్పు మీద ఎక్కించుకున్న బండి దగ్గర మాత్రం ఆవిడ నోరు మెదపలేదు. అలాంటి బస్సులెక్కి తిరిగినదాన్ని నేను. కుడిచేతి వైపు ఒక సందు మలుపు తిరుగుతుంది. మలుపు దాటితే ఏముంటుందో గీసినవాడు గీయలేదు. అక్కడ రేవు ఉంటుందని ఆవిడ నమ్మకం. బస్టాండని నాది. నిజంగా ప్యారిస్‌లో ఏముందో కనుక్కోవాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

పరికిణీ ఎత్తిన దొరసాని అంటే పెద్దావిడకు సరిపడదు. "దాన్ని దించమని చెప్పు" అనేది నాతో. "నీళ్ళు దాటాక దించుతుందిలెండి" అనేదాన్ని. రోజూ ఇదే మాట. ఆమె దాటిందీ లేదు, దించిందీ లేదు.

నేను వాళ్ళని ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. తిండికి లోటు లేదు. ఫోను లాక్కోలేదు. చెయ్యి చేసుకోలేదు. ఇలాంటివి మంచితనం కింద లెక్కేసుకునే స్థితికి మనిషి వచ్చాక ఇక చెప్పేదేముంది. ఒక్క బయటికి వెళ్ళడమే కుదిరేది కాదు. చెత్త సంచి పడేయడానికి గేటు దాకా, అంతే. ఎప్పుడైనా అడిగితే ఇంటి కోడలు, అంటే నా మేడమ్, నిజంగా అర్థంకాక అడిగేది, "బయట నీకేం పని?" అని. పని లేకుండా వీధిలో నడవాలనిపిస్తుందని ఎలా చెప్పాలి? నాకే పిచ్చిమాటలా తోచి ఊరుకునేదాన్ని. పైగా పొద్దుగూకేసరికి ఒళ్ళు హూనమై, నడవాలన్న కోరిక కూడా పడుకుని చచ్చేది.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. చేరిన కొత్తలో ఇస్త్రీపెట్టె తగిలి చెయ్యి కాలింది. "అమ్మా!" అని అరిచాను. అరవకుండా ఎవరుంటారు? హాల్లోంచి పెద్దావిడ వెంటనే పలికింది. "ఏమిటి? ఇలా రా" అంది. వెళితే చెయ్యి చూసి, తేనె తెప్పించి రాసింది. మర్నాడు నీళ్ళ బకెట్టు ఎత్తుతూ మళ్ళీ "అమ్మా" అన్నాను. మళ్ళీ పలికింది. వంగితే పలికేది, లేస్తే పలికేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఇంటి డ్రైవర్ విషయం విప్పాడు. అతను జగిత్యాల వైపు మనిషి. మొదట్లో సైట్ల మీద కూలిపని చేసి, లైసెన్సు సంపాదించి ఈ ఇంటికి వచ్చాడు.

"అక్కా, గీల్ల భాషల అమ్మ అంటె మేనత్త. అత్తగారిని గూడ గట్లనే పిలుస్తరు. నువ్వు గా పెద్దామెను మేనత్తను జేసుకున్నవ్ పో" అని పడీ పడీ నవ్వాడు.

పలకడంలో కొంచెం తేడా ఉందట, వాళ్ళ మాట గొంతులోంచి వస్తుందట. నొప్పి పుట్టినప్పుడు నాదీ గొంతులోంచే వస్తుంది మరి. మేడమ్‌కు ఇది నచ్చలేదు. ఆమె తన అత్తగారిని పిలిచే పిలుపు అదే. పనిమనిషి అదే పిలుపు పిలిస్తే ఎలా ఉంటుంది? పనివాళ్ళు "మామా కబీరా" అనాలి, అంటే పెద్దమ్మగారు అని. "ఇక అలా పిలవకు" అంది. సరేనన్నాను. పిలవడమైతే మానగలను, మూలగడం ఎలా మానను? నేను మూలుగుతూనే ఉన్నాను, పెద్దావిడ పలుకుతూనే ఉంది. మేడమ్ కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తర్వాత వదిలేసింది.

నా చెల్లెలు కూడా ఒమన్‌లోనే ఉండేది. రుస్తాఖ్‌లో, పిల్లలున్న ఒక ఇంట్లో. మబేలా నుంచి కారులో ఓ గంట దారి. ఏళ్ళ తరబడి ఒకే దేశంలో ఉండి మేమిద్దరం ఒక్కసారి కూడా కలుసుకోలేదు. దాని ఇంట్లోనూ నా ఇంట్లో లాంటి పద్ధతే. ఊర్లో మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కచోటే ఉన్నారు కదా, దిగులేముందని చెప్పుకునేవాళ్ళట. ఫోన్లో ముఖాలు చూసుకోవడం కూడా మానేశాం. ఒకటి, ఇక్కడ వీడియో కాల్ సరిగా కలవదు. రెండు, కలిసిన రోజున ఇద్దరం ఏడ్చి, ఏడ్చిన కళ్ళతో వాళ్ళ ముందు నిలబడాల్సి వచ్చేది. అందుకని మాటలతోనే సరిపెట్టుకున్నాం.

ఒకరోజు ఇస్త్రీ వేళకే ఫోన్ చేసింది.

"అక్కా, వచ్చే వారం నన్ను ఇంటికి పంపిచ్చాండారు. ఇంగ మళ్ళా రాను."

"ఏమయిందే?"

"ఏం కాలా. వీసా గడువు అయిపోతాంది. నాకూ సాలయింది కా. ఈ శుక్రారం మావోల్లు బట్టలకని మబేలాకు వచ్చాండారు. నన్నూ తోల్కస్తారు. పిల్లోల్లను తను సూసుకుంటా, నువ్ పోయి మీ యక్కను సూసుకోని రా అనింది మేడమ్. ఒక్క గడియ వచ్చి కనపడు కా. నిన్ను సూడకుండా పోయినానంటే ఊర్లో ఏం మొగం పెట్టుకోని తిరగల్ల?"

వస్తానన్నాను. ఎలా వస్తానో ఆలోచించకుండానే అన్నాను. మబేలాలో బట్టలు కొనేది షాపుల వీధిలో, అది మా గేటు నుంచి కారులో వక్క నమిలినంత దూరం. అంత దగ్గరికి వచ్చి నా చెల్లెలు నన్ను చూడకుండా వెళ్ళిపోతుందేమోనన్న ఊహే నేను భరించలేకపోయాను.

మేడమ్ మంచి వేళలో ఉన్నప్పుడు చూసి, టీ ఇచ్చి అడిగాను. శుక్రవారం తామంతా సూర్‌లో బంధువుల నిశ్చితార్థానికి వెళుతున్నామంది. పెద్దావిడ అంత దూరం ప్రయాణం చేయలేదు కాబట్టి నేను ఆవిడ దగ్గర ఉండి తీరాలంది. "ఆవిణ్ణి వదిలి కదలకు. ఇంకో శుక్రవారం వెళుదువుగాని." ఇంకో శుక్రవారానికి నా చెల్లెలు రాయచోటిలో ఉంటుందని చెప్పబోయాను. నా అరబ్బీలో అంత పొడుగు వాక్యం లేదు. "జైన్" అన్నాను. మంచిది అని అర్థం. ఈ దేశంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు వాడిన మాట అది.

శుక్రవారం పొద్దున్నే అందరూ తామే కార్లు నడుపుకుంటూ సూర్ వెళ్ళిపోయారు, డ్రైవర్ బయట తన గదిలో మిగిలాడు. ఇంట్లో ఏసీ మోత తప్ప చప్పుడు లేదు. మధ్యాహ్నం పెద్దావిడకు అన్నం పెట్టాను, మందులిచ్చాను, ఇస్త్రీ బల్ల వేశాను. మనిషి లేని ఇంట్లో కూడా దిష్‌దాషాలకు ముడతలుంటాయి. ఫోన్ మోగింది. "బయల్దేరినాం కా, దార్లో ఉండాం" అంది చెల్లెలు. దాని గొంతులో ఉషారు విని రాలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నేల మీద చతికిలబడ్డాను.

"అమ్మా" అన్నాను.

నేను ఎవరినీ పిలవలేదు. కాలింది లేదు, తగిలింది లేదు. ఊపిరి వదిలితే ఆ మాట వచ్చిందంతే.

"ఊఁ, చెప్పు" అంది పెద్దావిడ.

"ఏం లేదు."

"ఏం లేకుండా మనిషిని పిలుస్తారా?"

"నేను పిలవలేదు, మామా కబీరా."

"పిలిచావు. నేను విన్నాను." ఆవిడ చూపు బొమ్మ మీంచి తిప్పి నా మీద పెట్టింది. "మేనత్తను పిలిచి ఏం లేదంటే ఎలా? అడుగు. ఇవ్వగలిగితే ఇస్తాను."

అప్పుడు ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ముక్కలు ముక్కలుగా, సగం అరబ్బీ సగం హిందీ, చెల్లెలి సంగతంతా చెప్పాను. ఆవిడకు చెల్లెళ్ళున్నారా అని నేనెన్నడూ అడగలేదు. ఆవిడే చెప్పింది. ఒకామె జంజిబార్‌లోనే ఉండిపోయిందట. ఓడ కదిలేటప్పుడు రేవులో జనంలో నిలబడిందట. "అంత జనంలో అది ఎక్కడుందో నాకు కనపడలేదు" అంది. తర్వాత చాలా మామూలుగా అడిగింది, "షాపుల వీధేగా? మరి ఇక్కడ కూర్చున్నావేం?"

"మిమ్మల్ని వదిలి కదలొద్దంది మేడమ్."

"వదలొద్దు. నా కోడలి మాట తీసేయకూడదు. నన్ను ఇంట్లోనే ఉంచమని కూడా అందా?"

అనలేదు.

"నా అబాయా పట్టుకురా. డ్రైవర్ని లేపు."

బయటికి వెళ్ళేటప్పుడు పైన వేసుకునే ఆ నల్ల అంగీని అలమరలోంచి తీశాను గానీ మనసు ఒప్పలేదు. బయట ఎండ మండిపోతోంది. ఆవిడకు కళ్ళు తిరిగితే? కుర్చీ ఒరిగితే? డ్రైవర్ కూడా తల గోక్కున్నాడు.

"అక్కా, పెద్దామెకు ఏమన్న అయితె మన ఇద్దర్నీ ఫ్లయిటెక్కిస్తరు."

"ఎక్కిస్తే ఎక్కించనీ తమ్ముడూ. నా అంతట నేను పంపమంటే ఎలాగూ పంపరు కదా" అన్నాను.

అతను నవ్వలేదు గానీ తాళాలు తీసుకున్నాడు.

పొద్దు వాలే వేళ, అసర్ నమాజు అయ్యాక ఆ వీధిలో దిగాం. మా గేటుకు అంత దగ్గర్లో అంత జనం ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. శుక్రవారం కాబట్టి కంపెనీల మనుషులంతా రూముల్లోంచి బయటపడ్డారు. కొందరు షాపుల మెట్ల మీద ఊరికే కూర్చున్నారు. మొబైల్ షాపులు, దర్జీలు, అబాయాల షాపులు, అత్తర్ల ఘాటు. టీ కొట్టు ముందు కార్లు బారులు తీరి హారన్ కొడుతున్నాయి. ఇక్కడ కారు దిగి టీ అడగడం ఎవరికీ అలవాటు లేదు. హారన్ మోగితే లోపలి మనిషి పరుగెత్తుకు రావాలి. మా ఇంట్లో హారన్ లేదు గానీ పద్ధతి అదే.

పెద్దావిడ మొహం చూడాలి! అటు చూడు, ఇటు చూడు అంటూ నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. పికప్ బండి వెనక మేకలుంటే వాటి ధర అడగమంది. ఇంకా నిప్పులు కూడా అంటుకోని పొయ్యి దగ్గర ఆపించి, పుల్లలకు గుచ్చి కాల్చే మిష్కాక్ మాంసం ఎప్పుడు తయారవుతుందని అడిగింది. "మన వీధిలాగే ఉంది" అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. కుర్చీ చక్రం ప్రతి గట్టు దగ్గరా ఇరుక్కుంటోంది. నడిచేవాళ్ళు కూడా ఉంటారని ఆలోచించి కట్టిన రోడ్డు కాదది. పైగా గోడ మీది వీధిలో ఎవరిని వెతకాలన్నా తీరిగ్గా వెతకొచ్చు, వాళ్ళు కదలరు. ఇక్కడ ఒక ముఖం సరిగ్గా చూసేలోపు ఇంకొకటి అడ్డం వస్తోంది.

పచ్చ బోర్డున్న మందుల షాపు ముందర కలుద్దామని చెల్లెలు చెప్పింది. దాని దగ్గరకు వచ్చేసరికి దారి ఇరుకైంది. వెలిసిపోయిన నల్ల అబాయాలో, తలకు పూల గుడ్డ చుట్టుకుని, ఎవరింట్లోనో పనిమనిషి నిలబడి ఉంది. తోపుడుబండిలో ఒక పసివాడు, అబాయా పట్టుకుని గుంజుతూ ఇంకొకడు. మా కుర్చీని చూసి, ఆమె తల ఎత్తకుండానే బండిని పక్కకు లాగి దారి ఇచ్చింది. మేమంతా అలాగే ఇస్తాం, మనిషి ముఖం చూడం. "షుక్రన్" అని ముందుకు వెళ్ళిపోయాను.

షాపు తలుపు పక్కన ఆగి నలువైపులా చూశాను. లేదు. వాళ్ళు రాలేదేమో, లేక వచ్చి వెళ్ళిపోయారేమో. ఫోన్ చేశాను.

"యాడుండావే?"

"మందులంగడి ముందరనే ఉండా కా. నువ్ యాడ?"

"నేనూ ఆడనే ఉండా."

"కనపడ్డం ల్యా కా. ఈడ ఎవురూ లేరు."

"చెయ్యెత్తవే. ఎత్తితే కనపడ్తావు."

"యాడెత్తేది కా, వదిల్తే బండి జారిపోతాది."

ఆ మాట నాకు రెండుసార్లు వినపడింది. ఒకసారి చెవి దగ్గర ఫోన్లో, ఒకసారి వీపు వెనక. వెనక్కి తిరిగాను. పూల గుడ్డ చుట్టుకున్న పనిమనిషి ఫోను చెవికి ఆనించి, నన్ను దాటి ఎటో దూరంగా చూస్తోంది.

నా చెల్లెల్ని నేను చూశాను. చూసి, దారి ఇచ్చినందుకు అరబ్బీలో థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాను. అది నన్ను చూసింది. చూసి, పక్కకు తప్పుకుంది.

పేరు పెట్టి పిలిచాను. అది నా ముఖం వంక చూసి, కుర్చీ వంక చూసి, మళ్ళీ ముఖం వంక చూసింది. తర్వాత ఒక్క ఉదుటున వచ్చింది, బండిని కూడా ఈడ్చుకుంటూ. దాని ఒక చెయ్యి బండి మీద, నా ఒక చెయ్యి కుర్చీ మీద. మిగిలిన చెరో చేతితో పట్టుకుని నిలబడ్డాం. అలా ఎంత గట్టిగా పట్టుకున్నా సగమే పట్టుకున్నట్టుంటుంది.

"మేడమ్ పిల్లోల్లను సూసుకుంటాననె కా, షాపులో జనం ఎక్కువుండారని మళ్ళా నాకే ఇచ్చింది" అని ముక్కు చీదుకుంటూ చెప్పింది. "నువ్ ఒగదానివే వస్తావనుకుంటి. చేతులూపుకుంటా వచ్చే మనిషి కోసరం చూస్తాంటి."

నేనూ అలాంటి మనిషి కోసమే చూశాను. చేతులూపుకుంటూ, ఊర్లో బజారుకు వచ్చినట్టు వచ్చే నా చెల్లెలి కోసం. ఈ దేశంలో మమ్మల్ని చూసి మనిషిని వదిలేసి పనిమనిషిని మాత్రమే చూస్తారని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఇప్పుడు నా కళ్ళు చేసింది కూడా అదే పని. నాకు నా మీద కోపం రాలేదు, దాని మీదా రాలేదు. ఇద్దరమూ ఎంత అలసిపోయామో ఆ ఒక్క చూపుతో తెలిసిపోయింది.

"ఎవరు?" అంది పెద్దావిడ. "ఉఖ్తీ" అన్నాను, నా చెల్లెలు అని. చెల్లెలు వంగి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఆవిడ ఒక్క క్షణం దాన్ని ఎగాదిగా చూసి, చెయ్యి చాపి బండి పిడిని తన దగ్గరికి లాక్కుంది. "నేను పట్టుకుంటాను. మీరు మాట్లాడుకోండి" అంది. అబాయా పట్టుకు గుంజే పెద్దవాడు, ఆవిడ చేతి గాజులు చూసి, ఆవిడ ఒళ్ళోకి చేరాడు. కుర్చీకి బ్రేక్ ఉంటుందని నాకు అప్పుడు గుర్తొచ్చి వేశాను.

పంటినొప్పి తగ్గిందా అని అడిగాను. ఎప్పుడో తగ్గిందంది. నీ మోకాలెట్లుంది కా అంది. బాగుందన్నాను. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం తిప్పి చూసుకున్నాం. దాని అరిచేతుల్లో చర్మం బ్లీచు వల్ల ఊడిపోయి ఎర్రగా ఉంది. నా వేళ్ళ మీద ఇస్త్రీ మచ్చలున్నాయి. ఎన్నో ఏళ్ళ మాటలు దాచిపెట్టుకున్నాననుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "నువ్వూ వచ్చేయ్ కా" అంది. "వస్తా" అన్నాను. ఎప్పుడని అది అడగలేదు.

అబాయాల షాపు తలుపు తెరుచుకుని దాని మేడమ్ బయటికొచ్చి చెయ్యి ఊపింది. చెల్లెలు పిల్లాణ్ణి దింపుకుంది, బండి తీసుకుంది, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది, మళ్ళీ నడిచింది. కార్ల మధ్య దాని పూల గుడ్డ కనిపించినంతసేపూ చూశాను. నేను కుర్చీ తోయబోతే కదల్లేదు. బ్రేక్ తీయడం మరిచిపోయాను.

సూర్ నుంచి వచ్చాక మేడమ్‌కు తెలిసింది. ఆవిడకు ఏమైనా అయ్యుంటే ఎవరిది బాధ్యత అని చాలాసేపు అరిచింది. న్యాయమైన మాటే, నేను తల దించుకుని విన్నాను. పెద్దావిడ జోక్యం చేసుకుని, "నేను వెళ్ళాలనుకున్నాను, అది నన్ను తీసుకెళ్ళింది" అని తేల్చేసింది. ఎండలు తగ్గాక మళ్ళీ వెళతానని కూడా అంది. ఎండలు తగ్గాక చూద్దామంది మేడమ్. మధ్యాహ్నాలు మళ్ళీ ఇస్త్రీ, మళ్ళీ బొమ్మ. కానీ పెద్దావిడ కొన్నాళ్ళపాటు దాని వైపు చూడలేదు. "వీళ్ళు కదలరు" అని విసుక్కునేది. దొరసాని పరికిణీ గురించి కూడా పట్టించుకోవడం మానేసింది. నేను మాత్రం ఫ్రేమ్ తుడవడం మానలేదు, దుమ్ముకు ఇవేవీ తెలియవు కదా.

చెల్లెలు ఊరు చేరింది. చేరిన కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. వెనక ఆటోల మోత, ఎవరో గట్టిగా బేరమాడుతున్న గొంతు వినిపించాయి. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాను.

"అక్కా, రాయచోటి బజార్లో ఉండా. ఏం పన్ల్యా, ఊరికే నడుస్తాండా."

"ఎట్లుందే?"

"చేతులు యాడ పెట్టుకోవల్నో తెల్డం ల్యా కా" అంది. "నాలుగడుగులేచ్చే ఏదో వదిలేసి వచ్చినట్టుంటాది. దిగ్గున నిలబడి ఎనక్కి తిరిగి సూస్తాండా. జనం నవ్వుతాండారు."

కూరగాయల సంచి ఒకటి కొనుక్కుని పట్టుకోవే, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది అన్నాను.

"కొంటాలే" అంది. "నువ్ వచ్చేనాటికి నీగ్గూడా ఒకటి కొనిపెడతా."